గ్రహణం పట్టకముందే

మన తెలుగువాళ్ళకి నరాల మీద ఉన్నంత చనువు ఒంట్లో మరే భాగం మీదా ఉన్నట్టు లేదు. బిందె ఎత్తితే నరం పట్టేస్తుంది. పడుకుని లేస్తే నరం మీద నరం ఎక్కుతుంది. డిటెక్టివ్ నవల ఆఖరి పేజీల్లో నరాలు తెగిపోతాయి. ఎవరైనా నోటికొచ్చింది అనేస్తే 'నరంలేని నాలుక' అని సరిపెట్టుకుంటాం. ఇది మాత్రం శుద్ధ అబద్ధం. ఆ కాస్త నాలుక మీద అధికారం చెలాయించడానికి తలలోంచి ఐదు జతల నరాలు దిగివస్తాయట! అన్ని కాపలాలుండీ అది అలా మాట్లాడుతోందంటే తప్పు నరాలది కాదు. ఇక బస్సులో కూర్చుని గోడలు చదివే అలవాటున్నవాళ్ళకి 'నరాల బలహీనత' అన్న అక్షరాలూ, ఫలానా లాడ్జిలో ఫలానా వారం డాక్టరుగారు దొరుకుతారన్న హామీ కంఠతా వచ్చే ఉంటాయి.

ఇంత చనువున్నా నరమంటే ఏమిటో మనకి ఒక నిర్ణయం లేదు. చేతి మీద నీలంగా తేలే రక్తనాళమూ నరమే, మడమ వెనక బిగుసుకునే తాడూ నరమే, అసలు నరమూ నరమే. నా సంగతే చూడండి. చరిత్ర, అర్థశాస్త్రం, తెలుగు సాహిత్యం తీసుకుని బి.ఏ. పాసైనదాన్ని. నా నవలల్లో కథానాయకుడి చెయ్యి తగలగానే కథానాయిక నరాల్లో విద్యుత్తు ప్రవహించడం ఎన్నిసార్లు జరిగిందో నాకే లెక్క లేదు. ఆ తీగలు ఎవరు లాగారు, ఎప్పుడు లాగారు అన్న ధ్యాస మాత్రం ఏనాడూ రాలేదు.

ఆ ధ్యాస రావడానికి కారణం మా మేనకోడలి హ్యాండ్‌బ్యాగులోంచి బయటపడ్డ మాత్రల అట్ట. పెళ్ళయి ఏడాది. ఇక పిల్లల్ని కందామనుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ పరీక్షలవీ చేసి, రోజూ ఒకటి వేసుకోమని ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు రాసిచ్చిందట. వాళ్ళ అత్తగారు మంచిమనిషి, కానీ ఆవిడకి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వదినగారూ! నెల తప్పాక కదా మందూ మాకూ? ముందునుంచీ మింగడమేమిటి? మీరు పుస్తకాలు రాస్తారుగా, మీరు చెప్పండి" అంది.

పుస్తకాలు రాసేవాళ్ళకి అన్నీ తెలుసునని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారన్న సంతోషంతో, ప్రసూతి డాక్టరుగా ఉన్న నా స్నేహితురాలి దగ్గర లావుపాటి పిండశాస్త్రం పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. అర్థంకాని చోటల్లా ఫోన్ చేసి ఆవిణ్ణి విసిగించాను. చదివిన కొద్దీ నాకు మేనకోడలి అత్తగారు కాదు, మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ సంగతి తరువాత చెబుతాను. ముందు ఈ నరాల పుట్టుక సంగతి విని తీరాలి. లేకపోతే ఆ కథ అర్థం కాదు.

ఇది మూడో వారంలో మొదలవుతుంది. నెల తప్పి మూడు వారాలు కాదు, బిడ్డ కడుపులో పడిన రోజునుంచి మూడు వారాలు. అప్పటికి లోపలున్నదాన్ని బిడ్డ అనడానికి నోరు రాదు. నువ్వుగింజలో సగం ఉండే బిళ్ళ, అందులో మూడు పొరలు. కింది పొర రేపు పేగులకీ ఊపిరితిత్తులకీ లోపలి గోడ అవుతుంది. నడిమి పొర ఎముకలూ కండలూ గుండే అవుతుంది. పై పొర చర్మమవుతుంది. ఆ పై పొరలోనే నడుమన కొంత భాగం ముందు మందమవుతుంది. ఆ తరువాత దాని రెండంచులూ మెల్లగా పైకి లేస్తాయి, మధ్యలో కాలవ ఏర్పడుతుంది. లేచిన అంచులు ఒకదానివైపు ఒకటి వంగి, కలిసి, అతుక్కుని గొట్టమవుతాయి. గొట్టం లోపలికి దిగిపోతుంది, దాని మీద చర్మం కప్పుకుంటుంది. ఆ గొట్టమే మన మెదడూ, వెన్నుపామూ!

నాలాంటి వంటింటి బుర్రకి ఇది కజ్జికాయ మడతలా తోచింది. పూరీ ఒత్తి, అంచులు లేపి, కలిపి నొక్కడం. ఒక్క తేడా, ఇక్కడ లోపల పూర్ణం ఉండదు, ఖాళీయే. ఆ ఖాళీయే పెద్దయ్యాక మెదడు నడుమ నీళ్ళు నిండిన గదులవుతుంది. ఇంకో తేడా, కజ్జికాయని మనం ఒక చివరనుంచి నొక్కుకుంటూ వస్తాం. ఇది మెడ వచ్చే చోట మొదట అతుక్కుని, అక్కణ్ణించి అటు తలవైపూ ఇటు నడుంవైపూ మూసుకుంటూ పోతుంది. 22వ రోజు ప్రాంతంలో మొదలు. పై చివర మూసుకునేది 25వ రోజున, కింది చివర 28వ రోజుకి. అంతే, వారం రోజుల పని. కజ్జికాయ పోలిక ఇక్కడితో ఆపేస్తాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ నడుమ భాగానికి 'నువ్వు చర్మం కావద్దు, నరం కావాలి' అని ఎవరు చెబుతారు? దీనికి జవాబు వెతికిన పిల్ల ఒకామె ఉంది. జర్మనీలో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ స్పీమన్ దగ్గర డాక్టరేటుకి చదివిన హిల్డె మాంగోల్డ్. నీటిబల్లి గుడ్డులోంచి ఆవగింజలో అరవయ్యో వంతు ముక్క ఒకటి కోసి, వేరే జాతి నీటిబల్లి పిండానికి కడుపువైపు అతికించింది. ఒక జాతి పాలిపోయిన రంగు, రెండోది ముదురు రంగు, కాబట్టి ఏ కణం ఎవరిదో పోల్చుకోవచ్చు. కడుపువైపు చర్మం కావలసిన చోట రెండో నరాల గొట్టం లేచింది, అతుక్కుని ఉన్న కవలలా రెండో పిండం వచ్చింది. చిత్రమేమిటంటే ఆ రెండో గొట్టం చాలావరకు ఇంటివాళ్ళ కణాలతోనే తయారైంది. వచ్చిన చుట్టం పక్కన కూర్చుని మంత్రోపదేశం చేసిందన్నమాట! ఆ పరిశోధన అచ్చయిన 1924లోనే, ఇంట్లో చంటిబిడ్డ ఉండగా, వంటింటి అగ్నిప్రమాదంలో హిల్డె పోయింది. పాతికేళ్ళు. 1935లో నోబెల్ బహుమతి స్పీమన్‌గారికి వచ్చింది. నేను నవల రాస్తే ఈ ముగింపు ఎవరూ నమ్మరు, మరీ సినిమాగా ఉందంటారు.

గొట్టం మూసుకునేటప్పుడు అంచుల దగ్గరున్న కొన్ని కణాలు అటూ ఇటూ కాకుండా విడిపోయి, కట్టుబట్టలతో ఊరు విడిచినట్టు శరీరమంతా వలసపోతాయి. కొన్ని పేగుల గోడల్లో కాపురం పెట్టి అక్కడి నరాలవుతాయి. పరీక్ష రోజు పొద్దున్న కడుపులో తిప్పిందంటే వాటి పుణ్యమే. కొన్ని దవడ ఎముకలవుతాయి. కొన్ని చర్మంలో చేరి రంగు తయారుచేసే కణాలవుతాయి. అంటే పెళ్ళిచూపుల్లో చామనఛాయ అని పెదవి విరిచే మగపెళ్ళివారు చూసేది కూడా ఒకరకంగా పిల్ల నరాల చుట్టాలనే. తెలివితేటలకి దాయాదులని తెలిస్తే కాస్త గౌరవంగా చూద్దురేమో!

తక్కిన కథ దౌడు తీయిస్తాను. గొట్టం పై చివర మూడు బుడగలుగా ఉబ్బుతుంది. ఆ మూడూ ఐదవుతాయి, అదే మెదడు. మిగిలిన పొడవు వెన్నుపాము. నరాల కణాలు గొట్టం లోగోడలో పుట్టి, పందిరి రాట పట్టుకుని కాకర తీగ ఎగబాకినట్టు వాటి కోసమే నిలబడ్డ సన్నటి కణాల వెంట పైకి పాకి ఎవరి చోటికి వాళ్ళు చేరతాయి. పెద్దయిన మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలని లెక్క తేలింది. ఆరో నెల దాటేసరికి బిడ్డకి చెవులు వినిపిస్తాయి. అభిమన్యుడు పద్మవ్యూహం విన్నాడంటే నేను సాక్ష్యం చెప్పలేను గానీ, పుట్టిన రెండు మూడు రోజుల పసివాళ్ళు పరాయి ఆడవాళ్ళ గొంతుకన్న అమ్మ గొంతు వినడానికే ఇష్టపడతారని డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు అమెరికాలో 1980లో రుజువు చేశారు. పుట్టాక మొదటి ఏళ్ళలో నరానికీ నరానికీ మధ్య లింకులు కావలసినదానికన్న ఎక్కువ పడతాయి. వాడినవి నిలుస్తాయి, వాడనివి రాలిపోతాయి. ఆ పని ఇరవై దాటిన తరువాత కూడా సాగుతూనే ఉంటుంది.

ఇంత కథలోనూ నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ 28వ రోజు.

ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. బిడ్డ కడుపులో పడిన పధ్నాలుగు రోజులకి నెలసరి రావాలి. రాదు. మరో పధ్నాలుగు రోజులు గడిస్తే 28వ రోజు. మన ఇళ్ళలో అప్పటికి ఇంకా 'ఒక్కోసారి ఆలస్యమవుతుందిగా, చూద్దాం' అనుకునే రోజులే. వేవిళ్ళు సరిగా మొదలుకావు. మొగుడికి చెప్పాలా వద్దా అన్న మీమాంస. లోపల మెదడుకీ వెన్నుకీ పునాది పడడమూ అయిపోయింది, తలుపులు మూయడమూ అయిపోయింది. మూడో నెలలో డాక్టరు దగ్గరికి వెళ్ళి తెచ్చుకున్న బిళ్ళ ఒంటికి బలమిస్తుంది గానీ ఆ తలుపుల పనికి మాత్రం ఆలస్యమైపోయినట్టే. మేనకోడలి అత్తగారికి జవాబు ఇదే. చెప్పాను. "అమ్మో, అంత తొందరా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. సోమలింగం సామెత మళ్ళీ ఎత్తలేదు.

ఇక మా పిన్ని. అమ్మకి తరువాత చెల్లెలు. పశ్చిమ గోదావరిలో కాలవగట్టున ఒక ఊరికి కోడలిగా వెళ్ళింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో కొన్నిచోట్ల పట్టపగలు చీకటి పడింది. మా వైపు పూర్తిగా కాకపోయినా ఎండ పాలిపోయి వింతగా మారింది. నాకప్పుడు నాలుగేళ్ళు. ఊరగాయ జాడీల మీద గరికపోచలు వేసి, తలుపులు బిగించి, మా అందరినీ గదిలో కూర్చోబెట్టడం లీలగా గుర్తు.

పిన్నికి అప్పుడు నాలుగో నెల. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం పూట కదలకుండా పడుకోవాలని, కత్తిపీట ముట్టకూడదని, నీడ పడకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడా పడుకుంది. పెరట్లో చాప మీద మినప వడియాలున్నాయి. తడికె తోసుకుని దూడ లోపలికొచ్చిన చప్పుడైంది. ఆవిడ ఒక్క ఉదుటున లేచి వెళ్ళి, దూడని తోలి, చాప చుట్టబెట్టుకుని లోపలికొచ్చింది. ఐదు నిమిషాలు పట్టిందో లేదో.

ఆషాఢంలో పుట్టింట్లో పురుడు వచ్చింది. నన్ను పక్కింటికి పంపించేశారు. ఆడపిల్ల. కళ్ళూ ముక్కూ చక్కగా ఉన్నాయట, తల పైభాగం ఏర్పడలేదు. ఐదారు గంటలుంది. స్కానింగులు మా పల్లెల దాకా రాని రోజులు. ముందుగా తెలిసే దారి లేదు.

పిన్నిని ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ అంటుంది మా అమ్మ. వాళ్ళ అత్తగారు వచ్చి, పక్కన కూర్చుని, తల నిమిరి, "ఒడియాలు పోతే పోయేవి కదమ్మా" అందట. అంతే. ఆ తరువాత పిన్నికి ఇద్దరు మగపిల్లలు నిక్షేపంలా పుట్టారు. కానీ ఈ నలభై ఏళ్ళ పైచిలుకులో మా పిన్ని విస్తట్లో వడియం వేయించుకోగా నేను చూడలేదు. నూనె పడదంటుంది. గ్రహణం వస్తే అరవై దాటిన మనిషి ఇప్పటికీ చీకటి గదిలో వెల్లకిలా పడుకుంటుంది.

మన భాష కూడా ఆవిడకి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది. పెదవి చీలి పుట్టిన బిడ్డకి మనవాళ్ళు పెట్టిన పేరు గ్రహణం మొర్రి. పేరులోనే నేరం, పేరులోనే తీర్పు. ఆ పై పెదవి రెండు వైపులనుంచీ వచ్చి కలిసేది కూడా ఏడో వారం లోపునే. అసలు నాకో అనుమానం. గ్రహణాలు ఏటా ఉంటాయి. తొమ్మిది నెలల్లో ఏదో ఒకటి, సూర్యుడికో చంద్రుడికో, తగులుతూనే ఉంటుంది. బిడ్డ బాగా పుడితే దాని మాట ఎవరూ ఎత్తరు. బాగా లేకపోతే మాత్రం వెనక్కి తిరిగి వెతుకుతారు, దొరుకుతుంది.

పుస్తకం పక్కన పెట్టి ఆ ఏటి పంచాంగం లెక్క వేశాను. ఆషాఢంలో పురుడంటే, వెనక్కి వెళ్తే, బిడ్డ కడుపులో పడింది 1979 నవంబరు మొదటి వారంలో. కార్తీకమాసం. అక్కడికి 28 రోజులు కలిపితే డిసెంబరు ఒకటీ రెండూ, మార్గశిరం. గ్రహణం మాఘ అమావాస్య నాడు. రెండున్నర నెలల తేడా. దూడ తడికె తోసేనాటికి జరగవలసినది జరిగిపోయి రెండు అమావాస్యలు దాటాయి. ఆవిడ పెరట్లోకి వెళ్ళినా, గదిలో పడుకున్నా, ఏడు నిలువుల లోతు బావిలో దాక్కున్నా ఒక్కటే.

లెక్క కుదిరింది. కానీ లెక్క ఒక్కటే పట్టుకుని వెళ్తే చాలదు. 'మరెందుకలా అయింది?' అని అడుగుతుంది. ఆ అడగబోయే ప్రశ్న కోసం మళ్ళీ చదివాను.

కారణం ఒకటని చెప్పలేం. వంశంలో వచ్చేవి కొన్ని, తల్లికి చక్కెర జబ్బు అదుపులో లేకపోవడం, మూర్ఛకి వాడే కొన్ని మందులు. కానీ చాలా కేసుల్లో పెద్ద భాగం ఒక విటమినుది, ఆకుకూరల్లో ఉండే ఫోలేటుది. దీని కథలో మొదట కనిపించేది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. 1928లో బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉండగా రక్తం పాలిపోయి చచ్చిపోతున్నారు. ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు. ఈవిడ వాళ్ళేం తింటున్నారో చూసి, రకరకాల ఆహారం పెట్టి చూసి, చివరికి మార్మైట్ అని ఈస్టు పిండి సారం, నల్లటి జిగురు ముద్ద, దాంతో వాళ్ళు కోలుకుంటున్నారని కనిపెట్టింది. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి పేరు లేదు. పదేళ్ళ తరువాత, 1941లో, అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర ఉడకేసి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. (మనం తోటకూర గంటసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తామే, అందులో పోయేది ఇదే.)

దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది ఎవరనుకున్నారు? 1945లో, లెడర్లే కంపెనీలో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. 1895లో భీమవరంలో పుట్టినాయన. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకి మందు కనిపెట్టాలన్న పంతం ఆయన్ని వదల్లేదు. కనిపెట్టినది ఫోలిక్ యాసిడ్, అది ఆ స్ప్రూకి పనిచేసింది. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళినాయన మళ్ళీ ఈ దేశం చూడకుండానే 1948లో పోయారు. ఇక్కడ ఆయన భార్య శేషగిరిగారు ఉండిపోయారు. శాస్త్రవేత్తల జీవితచరిత్రల్లో భార్యలకి రెండు వాక్యాలు దక్కితే గొప్ప. నేనూ ఇక్కడ అంతకన్న ఇవ్వలేకపోతున్నాను.

ఆ బిళ్ళకీ బిడ్డ తలకీ సంబంధం ఉందని అనుమానించినవాళ్ళు ముందునుంచీ కొందరున్నారు. గట్టిగా తేలింది 1991లో. ఒకసారి కడుపులో బిడ్డకి ఇలాంటి లోపం వచ్చిన తల్లులు 1,800 మందికి పైగా, ఏడు దేశాల్లో 33 ఆస్పత్రుల్లో, ఈ పరీక్షకి ఒప్పుకున్నారు. కడుపు రాకముందునుంచీ ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్ళలో ఈ లోపం నూటికి డెబ్భై రెండు వంతులు తగ్గింది. ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, ఇంకా కొందరికి ఇవ్వకుండా ఉండడం అన్యాయమని పరీక్షని మధ్యలోనే ఆపేశారు. పూర్తిగా ఆగదు, ఆ మాట కూడా చెప్పాలి. అన్నీ వేసుకున్నా కొందరికి వస్తుంది. అయినా ఆ ఒప్పుకున్న తల్లుల గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఒకసారి అంత చూశాక మళ్ళీ బిడ్డని కనడమే ఒక సాహసం. అందులో నాకిచ్చేది మందో ఉత్త బిళ్ళో తెలియదు అని తెలిసి కూడా చెయ్యి చాపారు.

పోయిన నెల పిన్ని దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనూ ఒక దొంతి ముందుకు లాక్కున్నాను.

"పిన్నీ, గ్రహణం వచ్చిన ఏడు... అంతకుముందు కార్తీకంలో, పోలిపాడ్యమికి దీపాలు వదిలావా?"

చెయ్యి ఆగలేదు. "వదలకేం? తెల్లారగట్ట కాలవలో వదిలాం. ఆ నెల అడ్డు రాలేదుగా. అప్పుడే అనుమానం తగిలింది" అంది. నలభై ఐదేళ్ళనాటి తేదీలు ఆడవాళ్ళకి ఎలా గుర్తుంటాయో మగవాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

"సుబ్బారాయుడి షష్ఠి తీర్థానికి?"

"మీ బాబాయి తీసికెళ్ళారు. జీళ్ళు కొన్నారు. ఏం, ఇప్పుడెందుకే?"

చెప్పాను. కజ్జికాయ అనలేదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని, రెండంచులు దగ్గరికి తెచ్చి చూపించాను. తీర్థం వెళ్ళొచ్చిన వారం లోపల అతుకు పడాలని, పడలేదని, మాఘమాసపు గ్రహణం దానికి రెండున్నర నెలల తరువాతని. రెండోసారి కూడా చెప్పించుకుంది. నెలలు తనే వేళ్ళ మీద వేసుకుంది, మార్గశిరం, పుష్యం, మాఘం. గింజలు తీయడం మానేసింది.

"అయితే... ఆ జీళ్ళేమైనా చేశాయంటావా?" అంది.

నాకు గొంతు పట్టుకున్నట్టయింది. నలభై ఐదేళ్ళు అలవాటైన బరువు దింపితే ఆ చేతులు వెంటనే ఇంకో బరువు కోసం వెతుకుతున్నాయి. జీళ్ళు కాదు పిన్నీ, నడక కాదు, తీర్థం కాదు అని చెప్పి, ఆకుకూరల విటమిను సంగతీ, బిళ్ళ సంగతీ చెప్పాను.

"ఆ బిళ్ళ అప్పుడు లేదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "బిళ్ళ ఉంది. దీనికి పనికొస్తుందని ఎవరికీ తెలీదు. 1991లో తెలిసింది."

"తొంభై ఒకటా? అంటే మా చిన్నాడు పుట్టిన ఏడు" అంది. కాసేపాగి, "డాక్టర్లకి కూడా తెలీదా?" అంది.

"డాక్టర్లకి కూడా."

చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది. చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"మా అత్తగారికి చెప్పి ఉంటే బాగుండేదే" అంది చివరికి. "ఆవిడ పోయి పదేళ్ళు. ఆ ఒడియాలు ఎండబెట్టమన్నది ఆవిడే. మబ్బుగా ఉందత్తయ్యా, రేపు పెడదామన్నాను. కాదు ఇవాళే పెట్టమంది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని అదే మాట. 'నేను పెట్టమనకపోతే నువ్వు వెళ్ళకపోదువు' అని. నా బెంగ నాది, ఆవిడ బెంగ ఆవిడది. ఒకే ఇంట్లో ఇద్దరం ఎవరిది వాళ్ళం మోశాం."

ఇది మా అమ్మకి కూడా తెలియదు.

లోపలికి వెళ్ళి కేలండరు కాగితం చింపి, వెనకవైపు తెల్లగా ఉన్నది, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. చిన్నకోడలికి పెళ్ళయి ఎనిమిది నెలలు. "ఆ బిళ్ళ పేరు రాయి, పెద్ద అక్షరాలతో రాయి, నా కళ్ళజోడుకి ఆనాలి" అంది. రాశాను. మోతాదు డాక్టరే చెప్పాలని, మన ఇంట్లో ఇలా జరిగిందన్న మాట దాచకుండా డాక్టరుకి చెప్పమని కూడా రాశాను.

"చేసిందెవరన్నావ్?"

"యల్లాప్రగడ సుబ్బారావుగారని. మన భీమవరం ఆయన."

"సుబ్బారావా! అయితే వాళ్ళమ్మ షష్ఠికి మొక్కుకుని పెట్టుకున్న పేరయ్యుంటుంది" అంది పిన్ని. కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదకి వంగి చూసింది. "అదీ రాయి. కింద."